జమ్మి ఏది? సర్కారు తుమ్మ ఏది?

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. నాకు ఇచ్చిన పది నిమిషాల్లో ఒక చెట్టు గురించి మనవి చేస్తాను. అది దసరా నాడు మనం ప్రదక్షిణం చేసే జమ్మి. దాన్ని గుర్తుపట్టగలిగేవారు ఊరూరా తగ్గిపోతున్నారు. పొలం గట్ల మీద, కాలవ కట్టల మీద సర్కారు తుమ్మ కొట్టించేటప్పుడు, పక్కనున్న జమ్మి మొక్క కూడా ఆ కంపలోనే కలిసిపోతుంది. జమ్మి నిదానంగా పెరిగే చెట్టు. నరకడం ఒక పూట పని, మళ్ళీ చెట్టు కావడం ఒక తరం పని.

మనం ఉద్యోగంలో చేరినప్పుడు సర్వీసు రిజిస్టరులో రెండు పుట్టుమచ్చలు రాయించారు. ఒకే పేరుగలవారు పదిమంది ఉంటారు కనుక ఒంటి మీది గుర్తులు కావాలి. చెట్టుకైనా అంతే, పేరు ఒక్కటే చాలదు. మన పడమటి ప్రాంతంలో తెలుగూ కన్నడమూ కలిసి నడుస్తాయి. కన్నడంలో జమ్మిని బన్ని అంటారు. హొళగుంద మండలం దేవరగట్టులో విజయదశమి రాత్రి జరిగే మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవానికి బన్ని అనే పేరు. అయితే కర్ణాటకలో కొన్నిచోట్ల బన్ని అని పూజించేది అనసండ్ర చెట్టును. పేరు ఒకటి, చెట్లు రెండు.

మొదటి పుట్టుమచ్చ ముల్లు. పెరటి గులాబీ ముల్లును బొటనవేలితో పక్కకు నెట్టి చూడండి, పైతోలుతో సహా ఊడివస్తుంది. అది కొమ్మ మీద ఒక వరుస లేకుండా ఎక్కడపడితే అక్కడ పుడుతుంది. హిమాలయాల్లో, నీలగిరుల్లో పెరిగే అడవి గులాబీలను జాతుల వారీగా వేరుచేసేవారు కూడా ముల్లు, ఆకు, కాయ చూసే తేలుస్తారు. మన ముళ్ళచెట్లకూ అదే పద్ధతి. జమ్మి ముల్లు గులాబీ ముల్లు తరహాది. పొట్టిగా, నిటారుగా, అడుగు వెడల్పుగా, ఆకుకూ ఆకుకూ మధ్య చెదురుమదురుగా ఉంటుంది. సర్కారు తుమ్మ ముల్లు ఆకు పుట్టే చోటనే, ఒంటిగానో జంటగానో గట్టిగా పొడుచుకొస్తుంది. నల్లతుమ్మకు ఆకు మొదట తెల్లని పొడవాటి ముళ్ళ జంట. అనసండ్ర ముల్లు కొక్కెంలా వంగి ఉంటుంది.

రెండవది ఆకు. జమ్మి ఆకుకాడకు మామూలుగా రెండు జతల పిల్లకాడలు, ఒక్కొక్క పిల్లకాడకు సుమారు 7 నుంచి 14 జతల చిట్టి ఆకులు. రంగు కొంచెం బూడిద కలిసిన పచ్చ.

పువ్వును మాత్రం నమ్ముకోవద్దు. జమ్మికీ, సర్కారు తుమ్మకూ పూత లేతపసుపు కంకే. గుండ్రని పసుపు బంతి పూసిందంటే అది నల్లతుమ్మ. తేల్చి చెప్పేది కాయ. జమ్మి కాయ సన్నగా, పొడుగ్గా తాడులా వేలాడుతుంది. సర్కారు తుమ్మ కాయ మందంగా, కొంచెం వంకరగా, పండితే గడ్డిరంగులో ఉంటుంది. నల్లతుమ్మ కాయ గింజకూ గింజకూ మధ్య నొక్కినట్టు పూసలదండలా ఉంటుంది. అనసండ్రది బల్లపరుపు కాయ.

సర్కారు తుమ్మ మన దేశానికి ఒక ఆఫీసు ఉత్తరంతో వచ్చింది. ఎండ నేలల్లో పెంచడానికి విత్తనాలు తెప్పించమని మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ 1876లో రాశారు. 1877లో జమైకా విత్తనాలు కడప జిల్లా కమలాపురంలో నాటారు. పేదవాడి పొయ్యికి అది కట్టె ఇచ్చిన మాట నిజమే. కాని మేకలు, పశువులు కాయలు తిని విత్తనాన్ని ఊరంతా చల్లాయి, బీళ్ళు, చెరువులు దాని పాలయ్యాయి. శాస్త్రజ్ఞులు ఈ రెండింటినీ చాలాకాలం ప్రొసోపిస్ అనే ఒకే ప్రజాతిలో ఉంచారు. 2022లో సర్కారు తుమ్మను నెల్టూమా అనే వేరే ప్రజాతికి మార్చారు. జమ్మి ప్రొసోపిస్‌లోనే ఉంది.

జమ్మి నీడన పైరు పండుతుంది, ఆకు గొర్రెలకు మేత, వేరు నేలకు బలం. రాజస్థాన్‌లో దీని లేతకాయలు కూర వండుకుంటారు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ గ్రామంలో ఈ చెట్లను నరకనివ్వబోమని అమృతాదేవితో మొదలై 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు. తెలంగాణ 2014లో జమ్మిని రాష్ట్ర వృక్షంగా ప్రకటించింది. పాండవులు ఆయుధాలు దాచిన చెట్టని మన పిల్లలకు కథ తెలుసు, చెట్టు తెలియదు.

నా మనవి మూడు ముక్కలు. ఎక్కడైనా కంప కొట్టిస్తుంటే, గొడ్డలి పడకముందు ఒకసారి ముల్లు చూడండి, జమ్మి అయితే మొదలుకు ఒక గుడ్డపీలిక కట్టించండి. దసరాకు కొమ్మలు విరవకండి, నాలుగు ఆకులు చాలు. కాయలు పండినప్పుడు గింజలు ఏరి, ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, మనవడి చేత, మనవరాలి చేత సంచుల్లో నాటించండి. ఆ చెట్టు నీడన మనం కూర్చోకపోవచ్చు. వాళ్ళు కూర్చుంటారు.