నాంపల్లిలో నేర్చిన తేలు మంత్రము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



ఈ ఉత్సవ సందర్భమున ఏదైన నొక ప్రబంధమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. మనుచరిత్రయో వసుచరిత్రయో చెప్పుదునని వారు తలచియుందురు. నేను బడిలో చదివినది స్వల్పము. లెక్కలు వ్రాయుట నా వృత్తి. కావ్యములు మన గ్రంథాలయపు బీరువాలనుండి తీసికొని, నిఘంటువు ప్రక్కన బెట్టుకొని, ఒంటరిగా చదువుకొన్నవాడను. అయినను నేడు కావ్యప్రసంగము చేయను. తేలును గూర్చి చెప్పెదను. నవ్వకుడు. ఇంతవరకు తేలు కుట్టనివారు చేయెత్తుడని అడిగినచో ఈ సభలో ఎన్ని చేతులు లేచునో మీకే తెలియును.

మనది తాండూరు బండలమీద నిలిచిన ఊరు. గోడ బండ, నేల బండ, పాత ఇండ్లకు పైకప్పును బండయే. రెండు బండల నడుమ నున్న సందు తేలునకు మేడ. ఎండకాలమున బండ వేడెక్కినప్పుడును, తొలకరికి సందులలో నీరు చొచ్చినప్పుడును అది వెలుపలికి వచ్చును. మన మందరము దానితో కాపురము చేయుచున్నవారమే.

మా తండ్రిగారికి తేలు మంత్రము వచ్చును. పెద్దలకు జ్ఞాపకముండును. రాత్రి ఏ జామున తలుపు తట్టినను లేచి, కాళ్ళు కడిగికొని, వేపరెమ్మతో మంత్రించెడివారు. ఒక్క పైస పుచ్చుకొనలేదు. వారును లెక్కలు వ్రాయువారే గనుక దీనికిని ఒక ఖాతాపుస్తకము పెట్టిరి. తేది, పేరు, కుట్టిన చోటు, కుట్టిన వేళ, నిమ్మళించిన వేళ: ఈ అయిదు గడులు. నాకు పదునాలుగవ యేట ఆ మంత్రము ఉపదేశించిరి. తేలు మంత్రము రానివాడు పాము పుట్టలో చేయి పెట్టినట్లని సామెత. నాకు తేలు మంత్రము వచ్చినదను గర్వము చాలకాలముండెను.

1991లో బ్రతుకుతెరువునకై హైదరాబాదు పోయితిని. ఆబిడ్సులో నొక బట్టల దుకాణమున గుమాస్తాపని. ఆబిడ్సు అనునది ఇంగ్లీషు మాటయని మనవారిలో పెక్కురు తలంతురు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువులో నుండిన ఆల్బర్టు ఆబిద్ అను ఆర్మీనియా దేశీయుడు అచ్చట అంగడి పెట్టెను. ఆయన పేరే ఆ పేటకు నిలిచినది. ఆదివారము దుకాణములు మూతపడగానే ఆ కాలిబాట లన్నియు పాతపుస్తకములతో నిండును. నా జీతములో నాలుగవవంతు ఆ కాలిబాటలపైననే పోయినది. అచ్చటికి దగ్గరగా బొగ్గులకుంటలో సారస్వత పరిషత్తు మందిరమున్నది. 1943లో పుట్టిన ఆ సంస్థ సభలలో వెనుకవరుసన కూర్చుండి పండితుల ప్రసంగములు వినెడివాడను. నాకు అర్థమైనది కొంత, కానిది మరికొంత.

బస నాంపల్లిలో, 1907లో కట్టిన రైలుస్టేషనునకు వెనుకప్రక్క సందులో. తాండూరు బండి దిగి నడచి పోదగిన దూరమని అది కుదుర్చుకొంటిని. పెంకుటిల్లు, రాతిగోడలకు సున్నము రాలి సందులేర్పడెను, పెరటిలో వంటచెరకు పేర్చియుండెను. ఇంటి యజమానురాలు ఒక వృద్ధురాలు. అందరమును ఆమెను అవ్వ యనియే పిలిచెడివారము. పట్టణమునకు వచ్చితిని గదా, ఇక తేళ్ళ బాధ తప్పినదనుకొంటిని. హైదరాబాదు నిలిచినది నల్లరాతి గుట్టలపైన. ఆ రాయి పుట్టి 250 కోట్ల సంవత్సరములైనదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. తేళ్ళును 40 కోట్ల సంవత్సరములకు పూర్వమే పుట్టినవి. నిన్న మొన్న వచ్చిన మనము అద్దెకుండువారము. మొదటి దినముననే అవ్వ నాకు చెప్పిన మాట: "చెప్పులు దులుపక కాలు పెట్టకు బిడ్డా, పక్క దులుపక పండకు."

1992 వేసవిలో, ఒక రాత్రి, అవ్వ మనుమడు, ఆరేండ్ల పిల్లవాడు, చీకటిలో చెప్పులో కాలు పెట్టి కేకవేసెను. దీపము తెచ్చి చూచితిమి. మండ్రగబ్బ కాదు. వ్రేలెడు పొడవు, ఎఱ్ఱమట్టి వన్నె, పట్టుకారువంటి ముందరిచేతులు సన్నము, తోక లావు. నేను ముందునకు వచ్చి, నాకు మంత్రము వచ్చునంటిని. కాలికి గుడ్డ బిగించి కట్టి, వేపరెమ్మ తెప్పించి కూర్చుంటిని. అరగంట గడచెను. పిల్లవాని యేడుపు తగ్గెను, పిమ్మట మానెను. నేను గెలిచితిననుకొంటిని.

అవ్వ వాని పాదము పట్టిచూచెను. మంచువలె నుండెను. చొక్కా చెమటతో తడిసి ముద్దయినది. రెండుమారులు వాంతి చేసికొనెను. ఆమె నావైపు చూచి, కోపము లేకుండ, "బిడ్డా, నీ మంత్రం మంచిదే కావచ్చు. ఆటోల చదువు, నడువు" అనెను.

ఆటోలో నేను మంత్రము చదువలేదు. తేలు కుట్టిన దొంగ యను మాట మీ రెరుగుదురు. ఆ రాత్రి నా స్థితి యదియే. పిల్లవాడు దగ్గ నారంభించెను, ఊపిరి ఎగపోయుచుండెను. ఆసుపత్రిలో ఒక యువవైద్యుడు మొట్టమొదట కాలికట్టు విప్పివేసి, నాడి చూచి, ఒక చిన్న మాత్ర నిచ్చి, పిల్లవానిని లేవనీయక పడుకొనబెట్టుమనెను. రాత్రియంతయు గంటగంటకును వచ్చి రక్తపుపోటు చూచెను. మూడవనాడు పిల్లవాడు ఇంటికి వచ్చెను.

ఆ వైద్యుడు నాతో చెప్పినది ఇది. మండ్రగబ్బ వంటి నల్లని పెద్దతేలు కుట్టిన బాధ ఘోరము, కాని అది కొన్ని గంటలలో దానంతట నదియే తగ్గును. అచ్చట ఎవరి మంత్రమైనను ఫలించును. ఎఱ్ఱతేలు విషము నరములను రెచ్చగొట్టి, దేహములోని రక్తనాళముల నన్నిటిని బిగించివేయును. గుండె ఆ బిగువునకు ఎదురుగా కొట్టుకొని కొట్టుకొని యలసిపోవును; ఊపిరితిత్తులలో నీరు చేరును. పసివారికి అపాయ మెక్కువ. కుట్టినచోట నొప్పి స్వల్పముగా నుండి, చెమట, వాంతి, కాలుసేతులు చల్లబడుట కనబడినచో అదియే భయపడవలసిన వేళ. నేను గెలుపనుకొన్న నిశ్శబ్దము అట్టిది.

ఆ మాత్ర పేరు ప్రాజోసిన్. రక్తపుపోటునకు వాడెడి మందు. బిగిసిన రక్తనాళములను సడలించును. దానిని తేలుకాటునకు వాడుకలోనికి తెచ్చినవారు మహారాష్ట్రములో కొంకణసీమయందు మహాడ్ అను చిన్న ఊరిలో వైద్యము చేయు డాక్టరు హిమ్మత్‌రావు బావస్కర్. ఎఱ్ఱతేలు కుట్టిన పల్లెప్రజల ప్రక్కన రాత్రులు కూర్చుండి, లక్షణములను గంటగంటకు వ్రాసికొని, 1982లో ఇంగ్లండు వైద్యపత్రికయైన లాన్సెట్‌లోను, 1986లో ఈ మందును గూర్చి మరల అందులోను ప్రకటించిరి. అంతకుముందు విషము తలకెక్కిన రోగులలో నూటికి 25, 30 మంది మరణించెడివారు. పిమ్మట ఆ సంఖ్య చాల స్వల్పమైనది. 2011లో వారు 70 మంది రోగులను రెండుగా విభజించి, 35 మందికి మాత్ర మాత్రమే, తక్కిన 35 మందికి మాత్రతోబాటు తేలువిషమునకు విరుగుడు సూదిమందును ఇచ్చి చూచిరి. పది గంటలలో పూర్తిగా కోలుకొన్నవారు మొదటి జట్టులో 8 మంది, రెండవ జట్టులో 32 మంది. లెక్కలు వ్రాయువానికి ఇంతకన్న సొంపైన పద్య మేమున్నది? 2022లో ప్రభుత్వము వారికి పద్మశ్రీ నొసగెను.

ఇట్లన్నందున ప్రాచీనులకు తెలియదని నా యభిప్రాయము కాదు. ఆ యేడే ఆబిడ్సు కాలిబాటమీద సుశ్రుతసంహిత దొరికెను. కల్పస్థానమున తేళ్ళు 30 విధములని, అందులో మందవిషములు 12, మధ్యమములు 3, మహావిషములు 15 అని యున్నది. అన్ని తేళ్ళు ఒకటి కాదని ఆ మహర్షికి తెలిసినది, మంత్రగాడనైన నాకు తెలియలేదు. పేడలోనుండి, కుళ్ళిన సర్పశరీరమునుండి తేళ్ళు పుట్టునని చెప్పినది మాత్రము సరి కాదు. తల్లి పిల్లలనే కని, కొన్నాళ్ళు వీపుమీద మోయును. మోసెడి ఆ తల్లిని చూచినవారు చంపుటకు ఒక్క నిమిషము వెనుదీయుదురు. నేనును వెనుదీసితిని; పిమ్మట చంపితిని.

ఊరికి తిరిగివచ్చి తండ్రిగారి ఖాతాపుస్తకము తెరచితిని. పుటలకు పుటలు నిండియున్నవి. మూడు పేర్ల యెదుట మాత్రము కడపటి గడి ఖాళీ. ముగ్గురును పిల్లలు. ఆ కుటుంబములవారు ఈ సభలోనే యున్నారు. వారి యనుమతితోనే ఈ మాట చెప్పుచున్నాను. తండ్రిగారి నడిగితిని. చాలసేపు మాటలాడలేదు. "ఏం వ్రాయాలె? చెయ్యి రాలేదు" అనిరి.

లెక్క లెక్కగానే చెప్పవలెను. మొదటి ఇద్దరు పోయినది 1974లో, 1979లో. అప్పటికి ఆ మాత్ర వాడుకలో లేదు; ఆ రాత్రులు మన ఊరినుండి తాండూరునకు బండియును లేదు. అందులకు మా తండ్రిగారిని తప్పుపట్టజాలను. మూడవది 1988. అప్పటికి మందున్నది, బస్సున్నది. పిల్ల మా యరుగుమీద తెల్లవారువరకు నుండెను. నేనును ప్రక్కన కూర్చుండి వేపరెమ్మ అందించితిని. ఈ బాకీ నాదికూడ.

అప్పటినుండి నా యొద్దకు వచ్చినవారికి అవ్వ చెప్పిన మాటయే చెప్పుచున్నాను. బండి యెక్కుడు, బండిలో చదివెదను. కొందరికి కోపము వచ్చినది. తండ్రితోనే మంత్రము చచ్చినదని నా ముఖముమీదనే యనిరి. సరియే. 2005నుండి మన రాష్ట్రమున 108 బండి యున్నది. దానికి ఫోను చేయుట ఇప్పుడు నా మంత్రములో మొదటి యక్షరము.

చేయవలసినది కొంచెమే. కుట్టినచోటు సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన మంచుముక్క పెట్టుడు. గట్టిగా కట్టవలదు, కోయవలదు, కిరసనాయిలు పోయవలదు. పిల్లవానిని నడిపింపక ఎత్తుకొనిపొండు. నొప్పి లేదుగదా యని పిల్లల విషయమున ఆగవలదు. ఆ మాత్ర పేరు విన్నారు గదా యని అంగడిలో కొని మ్రింగవలదు. రక్తపుపోటు హఠాత్తుగా పడిపోవును, వైద్యుడు చూచుచుండగా ఇయ్యవలసినది.

కందకూరు జాతర మాట యెవరో తప్పక అడుగుదురు. యాదగిరి జిల్లాలోని ఆ ఊరికి నాగపంచమినాడు మనవారును పోవుదురు. గుట్టమీద రాళ్ళెత్తి, తేళ్ళను చేతులమీద ముఖముమీద ప్రాకించుకొందురు. నేను చూచితిని. భక్తిని కాదనను. తేలును ఒడుపుగా పట్టువాని చేతిపై నున్నంతసేపు అది ఊరకుండవచ్చును; చీకటిలో చెప్పుక్రింద నలిగినప్పుడు ఊరకుండదు.

ఒక వినోదము. ఆబిడ్సు దుకాణములలో నకిలీనోట్లు పట్టుటకు ఊదారంగు దీపము వాడుదురు. ఆ వెలుగు పడినచో తేలు పచ్చనీలపు కాంతితో మెరయును. నేనొకటి కొనితెచ్చి మన గ్రంథాలయపు వెనుకగోడమీద వేసి చూచితిని. ఒక్క రాత్రిలో తొమ్మిది. కార్యదర్శిగారు మరునాడే సున్నముతో సందులు పూడ్పించిరి. పాత పత్రికల కట్టలను నేలమీదనుండి బల్లలమీదికి మార్పించిరి.

మా తండ్రిగారి ఖాతాపుస్తకమును ఈ సాయంకాలము గ్రంథాలయమునకు అప్పగించుచున్నాను. వెనుక నలువది పుటలు తెల్లగా నున్నవి. గడులు నేనే గీచితిని. కడపటి గడికి పేరు మార్చితిని: ఆసుపత్రి చేరిన వేళ. పుస్తకము లోపలిబల్లమీద, దారముతో కట్టిన పెన్సిలుతో నుండును.