ఇరవై ఐదో పుట్టినరోజు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాకు పది నిమిషాలు ఇచ్చారు. ముప్పై ఆరేళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, ఇచ్చిన గడువు దాటను.

డిసెంబరు 17న మనం ఎందుకు కూడుతున్నామో మీకు చెప్పనక్కర లేదు. 1982లో అదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవారికి ఒక లెక్క, ఆ రోజు నుంచి రిటైరైనవారికి మరో మేలైన లెక్క అని కేంద్ర ప్రభుత్వం గీత గీస్తే, ఆ గీత చెల్లదని న్యాయస్థానం చెప్పింది. ఒక్క తేదీ మనుషులను ఎట్లా విడదీస్తుందో పింఛనుదారులకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. ఈ రోజు నేను మాట్లాడబోయేది అటువంటి మరో తేదీని గురించి. అది మన పిల్లల ఇరవై ఐదో పుట్టినరోజు.

ముందుగా నా తప్పు నేను ఒప్పుకుంటాను. 1972లో మార్కాపురం తాలూకా కచేరీలో ఎల్.డి.సి.గా చేరాను. మన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లా నుంచి విడిపోయి అప్పటికి రెండేళ్లు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినా నా పని మారలేదు. దరఖాస్తు చూడడం, వయసు సరిచూడడం, రూలు ప్రకారం నోటు రాయడం. 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. ఇంతమంది వయసులు సరిచూసిన నేను, నా కొడుకు వయసు సరిచూసుకోలేదు.

2013 డిసెంబరులో ఉద్యోగుల ఆరోగ్య పథకం మొదలైంది. హోదాను బట్టి నెలకు 90 రూపాయలో 120 రూపాయలో పట్టుకునేవారు. కార్డు చేతికొచ్చిన రోజున మా ఇంటావిడ దాన్ని దేవుడి పటం దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకుంది. మరుసటి సంవత్సరం మా చిన్నవాడు గుంటూరులో ఒక పెద్ద దుకాణంలో తొమ్మిది వేల జీతానికి కుదిరాడు. ఒక రాత్రి ఫోను చేసి, "నాన్నా, ఇ.ఎస్.ఐ. కింద నెలకు నూట యాభై ఎనిమిది రూపాయలు పట్టుకుంటారంట. వద్దంటే వదిలేస్తామంటున్నారు. ఏం చెయ్యమంటావు?" అని అడిగాడు.

"మన హెల్తు కార్డు ఉంది గదరా, ఆ కోత ఎందుకు?" అన్నాను.

ఆ ఒక్క మాటలో రెండు తప్పులున్నాయి. మన పథకంలో కొడుకు పేరు ఉండాలంటే వాడు ఇరవై ఐదేళ్ల లోపువాడై ఉండాలి, నిరుద్యోగి అయి ఉండాలి. వాడు జీతం అందుకున్న నాడే నా కార్డు వాడికి చెల్లలేదు. ఇది మొదటి తప్పు. రెండోది, చట్టం వర్తించే చోట ఇ.ఎస్.ఐ. అనేది కార్మికుడు వద్దంటే పోయేది కాదు, యజమాని వదిలేస్తే పోయేది కాదు. రూళ్లతో బతికిన నాకు ఈ మాట తట్టకపోవడం నా ఖర్మ.

2015లో వాడికి అపెండిక్స్ పగిలింది. స్నేహితులు ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయారు. నేను రైలెక్కి తెల్లవారేసరికి కార్డు పట్టుకుని వెళ్లాను. కౌంటరులో ఉన్న అమ్మాయి మర్యాదగానే చెప్పింది: "బాబుకు ఇరవై ఐదు నిండి నాలుగు నెలలైంది సార్. ఉద్యోగం కూడా చేస్తున్నారు కదా. ఈ కార్డు మీకూ, అమ్మగారికే." బిల్లు అరవై ఎనిమిది వేలయింది. ఇంటావిడ గాజులు తాకట్టుకు పోయాయి. దేవుడి దయవల్ల పిల్లవాడు దక్కాడు. వాడు ఇంతవరకు నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

తర్వాత నిదానంగా ఆలోచిస్తే నాకు అర్థమైంది ఇది. పేదవాడికి ఆరోగ్యశ్రీ ఉంది. 2007లో మొదలై, పేర్లు మారుతూ నడుస్తున్న మంచి పథకం. 2020 నాటికి ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలనూ చేర్చారు. కాని అది కుటుంబం లెక్క. మాది పింఛను వచ్చే ఇల్లు గనుక తెల్లకార్డు లేదు. పెళ్లికాని కొడుకు తండ్రి ఇంటి లెక్కలోకే వస్తాడు. అంటే తండ్రి పింఛను కొడుకుకు పేదల కార్డు రానివ్వదు, కొడుకు చిన్న జీతం తండ్రి కార్డులో ఉండనివ్వదు. రెండు తలుపుల మధ్య వసారాలో నిలబడ్డాడు పిల్లవాడు. మన పడమటి మండలాల్లో వానలు లేక గుంటూరుకూ హైదరాబాదుకూ బెంగుళూరుకూ వలసపోయిన పిల్లల్లో ఇట్లాంటివారు ఎందరో.

ఇది మనకొక్కరికే ఉన్న చిక్కు కాదు. అమెరికాలో 2010 నాటి చట్టం ప్రకారం పిల్లలు ఇరవై ఆరేళ్లు నిండేదాకా తల్లిదండ్రుల బీమాలో ఉండవచ్చు; ఉద్యోగం ఉన్నా, పెళ్లయినా సరే. అంత సంపన్న దేశంలోనూ, పేదల వైద్య పథకాన్ని విస్తరించడం రాష్ట్రాల ఇష్టమని 2012లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పాక, విస్తరించని రాష్ట్రాల్లో చిన్న సంపాదనపరులు అటూ ఇటూ కాకుండా మిగిలారు.

ఇప్పుడు మనం చేయగలిగినది చెబుతాను. మొదటిది, ఇ.ఎస్.ఐ.ని అడిగి తీసుకోవాలి. పదిమంది, అంతకు పైన పనిచేసే కార్ఖానాలకు, దుకాణాలకు అది వర్తిస్తుంది. 2017లో జీతం పరిమితిని 21,000కు పెంచారు. 2019 జూలైలో కార్మికుని వాటాను నూటికి ముప్పావలాకు, యజమాని వాటాను మూడుంపావలాకు తగ్గించారు. అంటే పన్నెండు వేల జీతగాడు నెలకు 90 రూపాయలు కడితే యజమాని 390 కడతాడు. ఆ తొంభైకి వాడికే కాదు, వాడి భార్యాబిడ్డలకూ వైద్యం. నియమం మేరకు కొన్నాళ్లు చందా కట్టి ఉంటే, జబ్బుపడిన రోజులకు జీతంలో నూటికి డెబ్బై వంతు కూడా ఇస్తారు. మన ఊరి పలకల పని వంటి చిన్నచిన్న చోట్ల, పదిమంది లేకపోతే మామూలుగా అది తప్పనిసరి కాదు. అటువంటి పిల్లలకు సొంత బీమా ఒకటే దారి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ ప్రీమియం మీద జి.ఎస్.టి. తీసేశారు. వయసులో ఉండగా ప్రీమియమూ తక్కువే.

రెండోది, మన సంఘం అడగవలసినది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం అన్ని కుటుంబాలకూ ఆరోగ్య బీమా కల్పించే విధానాన్ని ఆమోదించింది. సంతోషం. అయితే "కుటుంబం" అన్నప్పుడు పింఛనుదారు ఇంట్లో చిన్న జీతగాడైన కొడుకు ఎక్కడ చేరతాడో స్పష్టంగా రాయమని మనం వినతిపత్రం ఇవ్వాలి. లేదా చందా కట్టించుకుని మన పథకంలోనే ముప్పై ఏళ్లదాకా ఉండనివ్వమనాలి. ఉచితంగా అడగడం లేదు, కడతామనే అడుగుదాం.

మూడోది, ఖర్చులేని పని. మన సంఘం కార్యాలయంలో ఒక రిజిస్టరు పెడదాం. సభ్యుని పేరు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, ఉద్యోగంలో చేరిన తేదీ. ఇరవై ఐదు నిండడానికి ఆరు నెలల ముందు ఇంటికి ఒక కార్డు ముక్క రాద్దాం. గీతలు గీసి, కాలాలు నింపి, నెలనెలా చూసే పని నాకు అప్పగించండి. కళ్లజోడు మారింది గాని చేతిరాత ఇంకా చెడలేదు.

నకారా గారు తన ఒక్కరికోసం కోర్టుకు పోలేదు. మనం కూడా మన వాకిలి దగ్గరే ఆగిపోవద్దు. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక మీ పిల్లలకు ఫోను చేసి, "నీకు జబ్బు చేస్తే ఏ కార్డు చూపిస్తావు?" అని అడగండి. జవాబు రాకపోతే రేపు ఉదయం రిజిస్టరు దగ్గరికి రండి.