వేడిమి, వ్యాయామము, శరీరము

మోకాళ్ళ నొప్పులతో నడక మానుకున్న తన తండ్రిగారిని గురించి ఒక మిత్రుడు మొన్న నన్నొక ప్రశ్న అడిగాడు: "రోజూ గంటసేపు వేన్నీళ్ళ తొట్టిలో కూర్చోబెడితే ఆయనకు నడిచిన ఫలం దక్కుతుందా?" వినగానే నవ్వు వచ్చింది. కాని అది నవ్వి ఊరుకోదగిన ప్రశ్న కాదు.

వ్యాయామంలో కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో ఇంచుమించు నాలుగవ వంతే పనిగా మారుతుంది. మిగిలినదంతా వేడి. దానిని రక్తం చర్మానికి చేరుస్తుంది. చెమట ఆవిరియై వెలుపలికి కొనిపోతుంది. వేన్నీళ్ళలో ఊరక కూర్చున్నవానికి వేడి బయటినుండి వస్తుంది. అయినా గుండెకు శ్రమ తప్పదు. చర్మంలోని రక్తనాళాలు విప్పారుతాయి, నాడి వేగం హెచ్చుతుంది.

ఇంగ్లండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించిన పరీక్షలో కొందరు పురుషులు ఒకనాడు 40 డిగ్రీల నీటిలో గంటసేపు కూర్చున్నారు. మరొకనాడు గంటసేపు సైకిలు తొక్కారు. నీటిలో ఖర్చయినవి సుమారు 140 కాలరీలు. సైకిలు మీద 630. కాని భోజనానంతరం రక్తంలో చక్కెర పెరిగిన గరిష్ఠస్థాయి స్నానం చేసిననాడే సుమారు 10 శాతం తక్కువగా ఉన్నది.

ఫిన్లండులో 'సౌనా' అనే వేడిగదిలో కూర్చోవటం ఇంటింటి ఆచారం. అక్కడ 2,315 మంది పురుషులను సుమారు 20 సంవత్సరాలు గమనించి 2015లో ఫలితాలు ప్రకటించారు. వారానికి నాలుగు మొదలు ఏడుసార్లు వెళ్ళేవారిలో, ఒకేసారి వెళ్ళేవారికంటే, ఆకస్మిక హృద్రోగ మరణాలు తక్కువ. అయితే అన్నిసార్లు వెళ్ళగలిగినవాడు మొదటినుండీ ఆరోగ్యవంతుడే కావచ్చును. ఆ సందేహం మరువరాదు.

వేడి మేలు చేయాలంటే తలుపు మన చేతిలో ఉండాలి. 2015 మే నెలలో వడగాడ్పులకు మన రెండు తెలుగు రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా మరణించారు. రోడ్డుపనివానికి ఎండలోనుండి లేచి వెళ్ళే అవకాశం లేదు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు.

ఇక మిత్రునికి నేను చెప్పిన సమాధానం. వేడినీరు కాలిలో బలం పెంచదు, ఎముకను గట్టిపరచదు; అది నడకకు తోడే కాని బదులు కాదు. ముందుగా వైద్యుని అడగాలి. మధుమేహంతో పాదాల స్పర్శజ్ఞానం తగ్గినవారికి నీరు కాలుతున్నదీ తెలియదు. కాబట్టి మరొకరు చేయిపెట్టి చూడాలి. తొట్టిలోనుండి చటాలున లేస్తే రక్తపోటు పడిపోయి తల తిరుగుతుంది. పక్కన ఒక మనిషి ఉండాలి.

ఆ మనిషే సాయంత్రం ఆయన చేయి పట్టుకొని వీధి మలుపుదాకా నడిపిస్తే, తొట్టి ఇవ్వలేని ఫలం కూడా దక్కుతుంది.