బోనులో పలికిన మాట రికార్డుకెక్కాలె

(కోనరావుపేటలో కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అట్రాసిటీ కేసు పెట్టించుడు ఎంత కష్టమో మనకు కొత్తగా చెప్పనక్కర లేదు. ఈ పూట దాని తర్వాతి సంగతి మాట్లాడుకుందాం. బోనులో నిలబడి మన మనిషి చెప్పిన మాట ఎటు పోతున్నది?

మనోళ్ళు చెప్పేది తెలుగులో, అందునా సిరిసిల్ల యాసలో. చాలా కోర్టుల్లో జడ్జి దాన్ని విని ఇంగ్లీషులో చెప్తడు, పక్కనున్నాయన టైపు కొడ్తడు. నన్ను ఫలానా మాటన్నరని పెద్దమ్మ ఆ తిట్టును ఉన్నదున్నట్టు చెప్తది. కాగితం మీదికొచ్చేసరికి "దుర్భాషలాడినాడు" అని ఒక ముక్క మిగుల్తది. సెక్షన్ 3(1)(ఎస్) కింద నేరం నిలవాలంటే కులం పేరుతో తిట్టి ఉండాలె, అదీ నలుగురి కండ్ల ముందట జరగాలె. ఆ తిట్టే మాయమైనంక కేసు దేని మీద నిలబడ్తది? అవతలి వకీలు గద్దించిన గద్దింపు, దానికి మన మనిషి బెదిరి ఆగిపోయిన నిమిషం, ఇవి అసలే రావు.

చుండూరు యాది చేసుకుందాం. 1991 ఆగస్టు 6న 8 మంది దళితులను నరికి చంపిన్రు. పోరాడి ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు తెచ్చుకున్నం. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. పై కోర్టు జడ్జీలకు సాక్షి ముఖం కనపడదు, గొంతు వినపడదు. వాళ్ళ ముందుండేది కాగితమే. గొంతు రికార్డయి ఉంటే తీర్పు మారేదని మనం అనలేం. కానీ ఏం చెప్పిన్రో, ఎట్ల చెప్పిన్రో చూపెట్టే ఆధారం ఉండేది.

ఇప్పుడు చట్టం మన వైపే ఉన్నది. 2015 సవరణతో 15ఎ సెక్షన్ వచ్చింది, 2016 జనవరి 26 నుంచి అమలు. దాని 10వ ఉపసెక్షన్ ప్రకారం ఈ చట్టం కింది నేరాల విచారణ అంతా వీడియో రికార్డు చేయాలె. "చేయవచ్చు" కాదు, "చేయాలి". ముంబైలో డాక్టర్ పాయల్ తాడ్వి 2019లో చనిపోయిన కేసులో, బెయిలు వాదనలకు కూడా ఇది వర్తిస్తదా అన్న ప్రశ్న లేచింది. వర్తిస్తదని 2024లో బొంబాయి హైకోర్టు చెప్పింది.

మరి కెమెరా పెడితే అయిపోయిందా? కాలేదు. 2017 మార్చిలో సుప్రీంకోర్టు కోర్టు హాళ్ళలో సీసీ కెమెరాలు పెట్టుమన్నప్పుడు, శబ్దం లేకుండా పెట్టుమన్నది. మూగ బొమ్మతో మనకేం పని? మా లెక్కకు బొమ్మకన్న గొంతే ముఖ్యం.

గొంతు పట్టుడు పెద్ద విద్యేం కాదు. డప్పు దరువు నడుమ పాట వినిపించాలంటే మైకు నోటి దగ్గర పెడ్తం గదా, గంతే. దూరం రెండింతలయితే శబ్దం బలం నాలుగో వంతుకు పడిపోతది. సీలింగు మూలకున్న కెమెరాకు ఫ్యాను చప్పుడు, నున్నటి గోడల ప్రతిధ్వని, బయటి బండ్ల హారన్లు వినపడ్తయి, సాక్షి వినపడడు. అందుకని బోనుకు ఒకటి, జడ్జికి ఒకటి, రెండు వైపుల వకీళ్ళకు చెరొకటి మైకు ఉండాలె. నాలుగూ వేర్వేరుగ రికార్డయితే, ఇద్దరు ఒక్కసారి అరిచినా ఎవరు ఏమన్నరో తర్వాత విడదీయొచ్చు. మొదలుపెట్టే ముందు ఒక నిమిషం రికార్డు చేసి విని చూడాలె. కేసు నంబరు, తారీఖు, టైము నోటితో చెప్పించాలె. సాయంత్రానికి రెండు కాపీలు తీసి ఒకటి సీలు చేయాలె. చుండూరు కేసు నేరం నాటి నుంచి హైకోర్టు తీర్పు దాకా దాదాపు 23 ఏండ్లు నడిచింది. రికార్డు కూడా అన్నేండ్లు చెడకుండ ఉండాలె.

ఒక జాగ్రత్త. కోర్టు అనుమతి లేకుండ మనం జేబుల ఫోను పెట్టి రికార్డు చేస్తే ఇరుక్కునేది మనమే. ఆ పని కోర్టుతోనే చేయించాలె. ఇంకో మాట, ఆడపిల్లల వాంగ్మూలాలు ఊళ్ళో ఫోన్లల్ల తిరగొద్దు. రికార్డు అప్పీలు కోసం, తమాషా కోసం కాదు.

సాక్ష్యం తారీఖుకు ముందే పబ్లిక్ ప్రాసిక్యూటర్ ద్వారానో, మన వకీలు ద్వారానో 15ఎ(10) కింద దరఖాస్తు పెట్టండి. మిషన్ లేదు అంటే ఆ ముక్కనే రాతపూర్వకంగ అడగండి, పై కోర్టుకు అదే పనికొస్తది. రికార్డున్నా లేకున్నా, టైపు చేసిన వాంగ్మూలం సాక్షికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలె. పాత సీఆర్పీసీలో 278, 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త సంహితలో 313. "నేను గిట్ల అనలేదు సారూ, ఈ మాటన్నరని చెప్పిన" అని అక్కడనే చెప్పి రాయించే హక్కు సాక్షికున్నది. వినకుండ వేలిముద్ర వేయొద్దు, సంతకం పెట్టొద్దు.

దరఖాస్తు నమూనా తెలుగులో రాసి తెచ్చినం. కేసు నంబరు, తారీఖు కాడ ఖాళీ ఉన్నది. కేసులు నడుస్తున్న ఊర్లోళ్ళు తలా రెండు తీస్కపోండి.