వాట్‌గంజ్: గోదీల పక్కన ఒక పేట



కలకత్తా అనగానే మనవాళ్లకు హౌరా వంతెన, కాళీఘాట్, రసగుల్లా గుర్తొస్తాయి. వాట్‌గంజ్ పేరు విన్నవాళ్లు తక్కువ. ఖిదిర్‌పూర్‌ను ఆనుకుని ఉన్న చిన్న పేట అది. ఒక పక్క హుగ్లీ నది, ఇంకో పక్క టాలీ నాలా, వెనక ఖిదిర్‌పూర్ ఓడల గోదీలు. ఇక్కడ ఎవరు బాగుపడ్డా, ఎవరు చితికిపోయినా ఆ నీళ్ల వల్లనే.

ముందు టాలీ నాలా సంగతి. ఇవాళ చూస్తే మురుగు కాలువ. కాని బెంగాలీలకు అది ఆదిగంగ, గంగమ్మ పాత పాయ. కాళీఘాట్ గుడి ఉన్నది దాని ఒడ్డునే. పూడిపోతున్న ఆ పాయను 1775లో మేజర్ విలియం టాలీ ఈస్టిండియా కంపెనీ అనుమతితో తవ్వించాడు. పడవలు నడిపించి, వాటి దగ్గర సుంకం వసూలు చేసుకున్నాడు. ఖర్చు పెట్టిన చేతికే రాబడి అన్నమాట!

పేటకు పేరిచ్చినాయన కర్నల్ హెన్రీ వాట్సన్, బెంగాల్‌లో కంపెనీ వారి చీఫ్ ఇంజినీరు. గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్‌కూ, ఆయన కౌన్సిల్ సభ్యుడు ఫిలిప్ ఫ్రాన్సిస్‌కూ పడేది కాదు. 1780 ఆగస్టు 17న ఇద్దరూ ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న అలీపూర్‌లో పిస్తోళ్లు పట్టుకుని ద్వంద్వయుద్ధానికి దిగారు. ఫ్రాన్సిస్ గాయపడ్డాడు. ఆ పొద్దున ఫ్రాన్సిస్ పక్షాన సాక్షిగా నిలబడినవాడు ఈ వాట్సనే.

ఆయన అసలు పిచ్చి ఓడలు. ఖిదిర్‌పూర్‌లో నేల సంపాదించి గోదీ కట్టడం మొదలుపెట్టాడు. 1781లో అక్కణ్ణుంచి ‘నాన్‌సచ్’ అనే యుద్ధనౌక నీళ్లలోకి దిగింది. అయితే ఆ నేల మీద స్థానిక జమీందారు గోకుల్ ఘోషాల్‌తో తగాదా వచ్చింది. వ్యాజ్యాలు నడిచాయి, లక్షలు కరిగిపోయాయి. వాట్సన్ గోదీ కల నెరవేరకుండానే ఇంగ్లండు వెళ్లి, 1786లో కన్నుమూశాడు. ఘోషాల్ వంశం మాత్రం నిలదొక్కుకుంది. గోకుల్ అన్న కొడుకు జయనారాయణ్ ఘోషాల్ ఖిదిర్‌పూర్‌లోని భూకైలాస్‌లో కట్టించిన జంట శివాలయాలు నేటికీ ఉన్నాయి. నల్లరాతి లింగాలు మనిషిని మించిన ఎత్తు. అభిషేకం చేయాలంటే పూజారి మెట్లెక్కాలి. ఓడిన దొర పేరు వీధి పలక మీద ఉంది, గెలిచిన జమీందారు వంశం కట్టించిన గుడిలో గంట మోగుతోంది. నన్నడిగితే ఘోషాల్‌దే పైచేయి.

వాట్సన్ వదిలిపెట్టిన చోట పని పండించింది జేమ్స్ కిడ్. తండ్రి కంపెనీ సైన్యాధికారి, తల్లి భారతీయురాలు. ఆయన గోదీకి బర్మా నుంచి పెగూ టేకు వచ్చేది, మన అడవుల నుంచి సాల కలప వచ్చేది. అక్కడ కట్టిన 74 ఫిరంగుల ‘హేస్టింగ్స్’ ఓడను 1819లో బ్రిటిష్ నౌకాదళం కొనుక్కుంది. 1823లో ఇక్కడే ‘డయానా’ అనే ఆవిరి పడవ తయారైంది. మరుసటి ఏడే మొదలైన బర్మా యుద్ధానికి వెళ్లి, ఐరావతి నదిలో పొగ కక్కుతూ తిరిగింది.

అదే కాలంలో మన గోదావరి ముఖాన కోరంగిలోనూ గోదీ ఉండేది. తాళ్లరేవు వడ్రంగులు ఓడలు కట్టేవారు. రంగూన్‌లో మనవాళ్లను ‘కోరంగీలు’ అని పిలిచేవారంటే ఆ రేవు ఎంత సందడిగా ఉండేదో ఊహించుకోండి. 1839 తుపాను కోరంగిని దెబ్బతీసింది, ఒండ్రు మేట రేవును మెల్లగా మింగేసింది. హుగ్లీకీ ఒండ్రు బెడద తక్కువేం కాదు. కాకపోతే అప్పట్లో కలకత్తాకు రాజధాని హోదా ఉంది, వెనక ఖజానా ఉంది.

ఆ ఖజానా తెరిపించింది కూడా తుపానే. 1864 అక్టోబర్ 5న పెనుగాలికి హుగ్లీలో లంగరేసిన ఓడలు గొలుసులు తెంపుకుని ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. మన బందరును ముంచిన ఉప్పెన కూడా ఆ ఏడాదే, నవంబర్ 1న. ఆ దెబ్బ తర్వాత కలకత్తాలో 1870లో పోర్టు ట్రస్టు ఏర్పడింది. 1892లో ఖిదిర్‌పూర్ గోదీలు తెరిచారు. ఆటుపోటులు ఎలా ఉన్నా లోపల నీటి మట్టం నిలిచేలా తలుపులు పెట్టారు. పోటు మీద ఓడను లోపలికి తీసుకుని తలుపు మూసేస్తే, బయట నది ఎంత దిగిపోయినా ఓడకు ఢోకా లేదు. కలాసీలు, హమాలీలు, చిల్లర వర్తకులు ఈ చుట్టుపక్కల సందుల్లో కాపురాలు పెట్టారు. బిహార్ నుంచి, ఒడిశా నుంచి, తూర్పు బెంగాల్ నుంచి జనం వచ్చారు. గుడి, మసీదు, చర్చి కూతవేటు దూరంలో వెలిశాయి.

1943 డిసెంబర్ 5న జపాను విమానాలు పట్టపగలు ఈ గోదీల మీద బాంబులు వేశాయి. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది రేవు కూలీలే. అసలే కరువుతో బెంగాల్ అల్లాడుతున్న ఏడాది అది.

తర్వాత పెద్ద సరుకు చాలావరకు హల్దియా రేవుకు తరలిపోయింది. అయినా ఖిదిర్‌పూర్ మూతపడలేదు. ఓడ వచ్చినప్పుడు అక్కడి బాస్క్యూల్ వంతెన పైకి లేస్తుంది. బస్సులు, తోపుడు బళ్లు, సైకిళ్లు అన్నీ ఆగి దారివ్వాల్సిందే. అండమాన్‌లో చుట్టాలున్న శ్రోతలకు ఒక మాట: అక్కడికి వెళ్లే ఓడ విశాఖ నుంచే కాదు, ఈ ఖిదిర్‌పూర్ నుంచీ బయల్దేరుతుంది. ఈసారి అటుగా వెళ్తే కాస్త ముందే బయల్దేరి, భూకైలాస్ గుడి చూసుకుని ఓడెక్కండి.