సంప్రదాయ ఋణము
(భద్రాచల వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



పూర్వులు మనకిచ్చిపోయిన గృహాచారములనుగూర్చి నాలుగుమాటలు చెప్పుమని సంఘమువారు మమ్ము కోరిరి. ‘సంప్రదాయ’మను పదమునందు దానార్థకమైన ధాతువు కలదు. చక్కగా చేతికందీయబడినదే సంప్రదాయము. పుచ్చుకొన్నవారికి కృతజ్ఞత విధి, తరువాతివారికందిచ్చుటయు విధియే. అందిచ్చునపుడు దుమ్ము దులిపి యిచ్చుట దాతనవమానించుట కాదు.

ఇందులకీ క్షేత్రమే సాక్షి. శ్రీరామనవమినాటి కల్యాణమునకు ప్రభుత్వపక్షమున ముత్యాల తలంబ్రాలు వచ్చు వాడుక తానీషా నాటిదని ప్రసిద్ధి. 1860లో ఈ తాలూకా నైజామునుండి ఆంగ్లేయుల యేలుబడిలోనికి పోయెను. 1959లో తూర్పుగోదావరి జిల్లానుండి ఖమ్మము జిల్లాలో చేరెను. 2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడెను. ఏలికలు మారిరి, ఎల్లలు మారెను. తలంబ్రాల వాడుక నేటికిని నిలిచియున్నది. 2020లో మహమ్మారి వ్యాపించినపుడు భక్తజనము లేకయే ఆలయములోపల కల్యాణము జరిగెను. పద్ధతి మారెనేగాని కల్యాణము మానలేదు.

మన యిండ్లలోను అంతే. నవమినాటి తలంబ్రాలను పదిలముగా దాచి, ఇంట పెండ్లియైనపుడు వధూవరుల తలంబ్రాలలో కలుపుకొనుట పెద్దలు నేర్పిన వాడుక. అయిదుదినముల పెండ్లి యొకదినమునకొదిగినను ఆ గుప్పెడు గింజలను మనము విడువలేదు. బాల్యవివాహమును మాత్రము విడిచితిమి. 1929 నాటి శారదాచట్టము కన్యకు 14 ఏండ్లు నిండవలెననినపుడు ధర్మము చెడునని వాదించినవారు దేశమున పెక్కురు. 1978లో ఆ వయస్సు 18కి పెరిగెను. ధర్మము చెడలేదు, ఆడుబిడ్డలకు చదువబ్బినది.

విడువవలసినది ఇంకొకటి మిగిలియున్నది. అది వరకట్నము. 1961లోనే చట్టము నిషేధించినను, ఇది మన ఆచారమని చెప్పి పుచ్చుకొనువారు నేటికిని కలరు. స్మృతులు చెప్పినది స్త్రీధనము. తల్లిదండ్రులును సోదరులును ప్రీతితో నిచ్చినది స్త్రీకే చెందును. వరుని తండ్రి బేరమాడి తన పెట్టెలో దాచుకొనునది స్త్రీధనమెట్లగును? మేము బడిలోనున్న కాలమున, మొదటి వరుసలో కూర్చుండి చదివిన బాలిక మరుసటియేట కానరాకపోవుట పెక్కుమారులు చూచితిమి. కారణమడిగినచో, ‘కట్నమునకు కూడబెట్టవలదా, అయ్యవారూ?’ అని తండ్రుల ప్రత్యుత్తరము. 1986లో ఆంధ్రప్రదేశ్ చట్టమును, 2005లో దేశపు చట్టమును ఉమ్మడి యాస్తిలో కుమార్తెకు కుమారునితో సమానభాగమిచ్చినవి. ఆ భాగమును తప్పించుటకే కట్నమును సాకుగా చూపు గృహములును కలవు.

కావున మా మనవులు రెండు. లగ్నపత్రిక వ్రాయునపుడు కట్నపు ప్రసక్తి రాకుండ పెద్దలు పూనుకొనవలెను. ప్రీతితో నిచ్చునది యేదైనను కన్యపేరనే వ్రాయవలెను. పోషకమహాశయులు తమ యిండ్ల శుభకార్యములయందు పందిళ్లకును దీపములకును వెచ్చించుదానిలో నొకభాగమును బాలికల చదువునకై సంఘమునకొసంగవలెను. పూర్వుల ఋణము తీర్చుకొనుటకిదియొక మార్గమని మా విశ్వాసము.

శ్రీ సీతారాములు మనకు సద్బుద్ధిని, ఐకమత్యమును ప్రసాదింతురుగాకయని ప్రార్థించుచున్నాము.