వోల్టేజీని ఎక్కడ తగ్గించాలి?

 

స్నాతకోత్సవంలో మాట్లాడేవాళ్ళు కలల గురించి చెప్పాలంటారు. నాకు తెలిసిన విద్య ఒక్కటే. బయటి ప్రపంచపు వోల్టేజీని చిప్ లోపల అంకెలుగా మార్చే ఏడీసీలు తయారుచేయడం, అందులోనూ పెద్ద వోల్టేజీలను తట్టుకునేవి. దాని గురించే చెబుతాను. కలల సంగతి రాత్రికి మీరూ మీరూ హాస్టల్లో చూసుకోండి.

ట్రాన్సిస్టర్ ఏటికేడు చిన్నదవుతోందని ప్రతి సెమిస్టర్‌లోనూ విన్నారు. చిన్నదైన కొద్దీ దాని ఓర్పూ తగ్గింది. 28 నానోమీటర్ల ట్రాన్సిస్టర్ ఒక వోల్టు దగ్గర పనిచేస్తుంది. అంతకు మించి పెట్టారా, గేటు కింద ఆక్సైడు పొర దెబ్బతింటుంది. మరి ఇంటికొచ్చే కరెంటో? అదే 230 వోల్టులు, శిఖరం 325. సబ్‌స్టేషన్‌లో పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మర్ 1,32,000 వోల్టులను దించి 110 దగ్గర ఆపుతుంది. ఫ్యాక్టరీల్లో చాలా పరికరాలు నేటికీ ప్లస్ ఆర్ మైనస్ 10 వోల్టుల సిగ్నలే పంపుతున్నాయి. చిప్పు చిన్నదైందని వాటన్నిటినీ ఎవరు మారుస్తారు? చిప్పే సర్దుకోవాలి.

ఎలా సర్దుకుంటుందో చూడాలంటే ఒక ఎలక్ట్రానిక్ కరెంటు మీటరు విప్పండి. మీ ఇంటి గోడకున్నది వద్దు, సీలు తెంపితే కేసవుతుంది. పాత సామాన్ల కొట్లో దొరికితే తెచ్చుకోండి. ఫేజు తీగ బోర్డును తాకే చోట ఒకే విలువ ఉన్న రెసిస్టర్లు మూడో నాలుగో వరసగా ఉంటాయి. మూడు 330 కిలో ఓములవి, చివర ఒక కిలో ఓముది అనుకుందాం. 991లో ఒక వంతు. 325 వోల్టులు కాస్తా వోల్టులో మూడో వంతుకు దిగుతాయి. మూడెందుకు, మెగా ఓముది ఒకటి పెడితే పోలా అని పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. మీటరు మాత్రం నిలవదు. 1206 సైజు మామూలు రెసిస్టర్ 200 వోల్టుల దాకానే తట్టుకుంటుంది. మూడుంటే తలా నూటికి కాస్త ఎక్కువ. పిడుగులప్పుడు లైను మీద వచ్చే సర్జ్‌ను కూడా పంచుకుంటాయి. పైగా తన మీద పడే వోల్టేజీని బట్టి రెసిస్టర్ విలువే కొంచెం మారుతుంది. పంచితే ఆ మార్పూ తగ్గుతుంది. ఫస్టియర్‌లో రెండు గీతల్లో గీసేసిన డివైడర్ ఇదే.

ఇక్కడ ముందే తగ్గించాం, తర్వాత కొలిచాం. మీటరుకు అది సరిపోయింది. అన్నిటికీ సరిపోదు.

ప్లస్ ఆర్ మైనస్ 10 వోల్టుల సిగ్నల్‌ను 16 బిట్లతో కొలవాలనుకోండి. మొత్తం 20 వోల్టులు, 65,536 మెట్లు, మెట్టుకు 305 మైక్రోవోల్టులు. ముందే ఒక వోల్టుకు కుదిస్తే మెట్టు 15 మైక్రోవోల్టులే. ఒక పికోఫారడ్ కెపాసిటర్ మీద శాంపిల్ చేస్తే గది వేడికి వచ్చే నాయిసే 64 మైక్రోవోల్టులు. మెట్టుకు నాలుగింతలు! నాయిస్‌ను నాలుగో వంతు చేయాలంటే కెపాసిటర్ పదహారింతలు కావాలి. చిప్ మీద చోటు, పవర్ రెండూ పోతాయి. అదే 20 వోల్టులనూ యథాతథంగా ఆ చిన్న కెపాసిటర్ మీదికే ఎక్కించి, చార్జిని పక్క కెపాసిటర్లతో పంచి తగ్గిస్తే? 64 మైక్రోవోల్టులు 305 ముందు లెక్కలోకి రావు, తగ్గించేటప్పుడు సిగ్నల్‌తో పాటు అవీ తగ్గుతాయి. చార్జిని పంచి కొలిచే ఈ పద్ధతిని బర్క్‌లీలో మెక్‌క్రియరీ, గ్రే 1975లోనే మాస్ ట్రాన్సిస్టర్లతో చేసి చూపించారు. భారమంతా ముందున్న స్విచ్ మీద పడుతుంది. ట్రాన్సిస్టర్లలో పెద్ద వోల్టేజీ తగిలేది దానికొక్కదానికే కాబట్టి అదొక్కటి మందపు ఆక్సైడుతో చేస్తే చాలు. చివర వోల్టేజీలను పోల్చే కంపరేటర్ కష్టం మాత్రం తీరదు. అది 15 మైక్రోవోల్టుల తేడా పట్టాల్సిందే.

ఇక నాకు బాగా ఇష్టమైన కేసు, ఈ-ఆటో బ్యాటరీ. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులు పదహారు, ఒక్కొక్కటి 3.2 వోల్టులు, వరసగా కలిపితే 51. పై సెల్ ఒక కొస 48 వోల్టుల మీద, ఇంకో కొస 51 మీద ఉంటుంది. ఈ రకం సెల్ వోల్టేజీ చార్జింగ్ సగంలో ఉన్నా, ముప్పావులో ఉన్నా దాదాపు కదలదు. ఆ కొద్ది మిల్లీవోల్టుల కదలికలోనే ఎంత చార్జి మిగిలిందో దాగి ఉంటుంది. రెండు కొసలనూ డివైడర్లతో దించి తీసివేత చేద్దామంటే, రెసిస్టర్లలో వెయ్యికి ఒక పాలు తేడా ఉన్నా 50 మిల్లీవోల్టుల తప్పు. కొలవాల్సిందంతా అందులోనే మునిగిపోతుంది. మేడ మీది డ్రమ్ములో నీళ్ళెన్నో తెలుసుకోవడానికి నేల నుంచి టేపు పట్టం కదా! అందుకే కెపాసిటర్‌ను ఆ సెల్ రెండు కొసలకే తగిలించి, 3.2 వోల్టులు నింపుకుని, అక్కడ విడదీసి కిందికి తెచ్చి కొలుస్తారు. అసలు పనితనం స్విచ్ గేటును నడపడంలో ఉంది. సోర్సు 48 వోల్టుల మీద తేలుతుంటే గేటు దానితో పాటే పైకి ఎక్కాలి, రెంటి మధ్య తేడా అయిదు వోల్టులు దాటకూడదు.

ఇలాంటి చిప్పులకు 2 నానోమీటర్లు అక్కర్లేదు. చిన్న ట్రాన్సిస్టర్లనూ పెద్ద వోల్టేజీవాటినీ ఒకే సిలికాన్ మీద చేసే బీసీడీ ప్రక్రియ ఇటలీలో 1980ల మధ్యలోనే పుట్టింది, ఇంకా పెరుగుతూనే ఉంది. మన మొహాలీలో సెమీకండక్టర్ లేబొరేటరీ (ఎస్‌సీఎల్) నడిపేది 180 నానోమీటర్ల ప్రక్రియ. దాన్ని పాతదని చిన్నచూపు చూసేవాళ్ళు ఫ్యాక్టరీ గేటు లోపలికి ఎన్నడూ వెళ్ళి ఉండరని నా అనుమానం. ఇలాంటి పని మనకు కొత్తా కాదు. హైదరాబాద్‌లో 1967లో మొదలైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ (ఈసీఐఎల్) అణు రియాక్టర్లకు కంట్రోల్ వ్యవస్థలు చేసి ఇచ్చింది. దాన్ని నిలబెట్టిన ఏ.ఎస్. రావు గారు ఇవాళ చాలామందికి బస్సు బోర్డు మీద కాలనీ పేరుగానే తెలుసు.

మీలో కొందరు మా దగ్గరికి ఇంటర్వ్యూకి రావచ్చు. ప్రశ్న ఇప్పుడే లీక్ చేస్తున్నాను, ప్రిన్సిపాల్ గారు మన్నించాలి. వరసగా కలిపిన సోలార్ ప్యానెళ్ళు, మొత్తం 600 వోల్టులు. మధ్యలో ఒక్క ప్యానెల్ వోల్టేజీ కొలవాలి. ఎక్కడ తగ్గిస్తారు, ఎంత తగ్గిస్తారు? వెంటనే బోర్డు దగ్గరికెళ్ళి డివైడర్ గీసేవాళ్ళున్నారు. ఎందుకు కొలుస్తున్నారు, ఎంత తేడా పట్టాలి అని నన్నే ఎదురు అడిగినవాళ్ళతో మిగతా ఇంటర్వ్యూ క్యాంటీన్‌లో, టీ ఖర్చు నాది.